తడిక మీద తువాలు

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి లినక్సుతో ఏమి పని అని నన్ను అడిగినవారు పలువురు. ఆ నల్లని తెర మీద ఒక్కొక్క పంక్తిగా ఆజ్ఞలు వ్రాసి పని చేయించుకొనే పద్ధతిని కమాండు లైను అంటారు. ఆజ్ఞాపంక్తి అని నేను పేరు పెట్టుకున్నాను. సూత్రాలు చదివినవాడికి అది పరాయిదిగా తోచదు. తక్కువ అక్షరాలలో ఎక్కువ అర్థం, ఒక్క గుర్తు తప్పితే అపార్థం. రెండింటికీ అదే నియమం. ఆ అపార్థానికి నేను చెల్లించిన మూల్యమేమిటో, దానినుండి నేర్చుకున్నదేమిటో చెప్పాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా అక్కయ్యకు డెబ్భై ఎనిమిదేళ్ళు. పుట్టిన పల్లెకు నాలుగు మైళ్ళ దూరంలోని మెట్టినింట ఉంటున్నది. బడి ముఖం చూసింది రెండేళ్ళే. కాని సేద్యానికీ, పాడికీ, వంటకూ సంబంధించి ఆమె నోట పలికే మాటలలో సగం నేను చదివిన నిఘంటువులలో కనబడవు. కనబడినవాటికి అక్కడ ఇచ్చిన అర్థం ఒకటి, మా పల్లెలో వాడుక మరొకటి. ఉద్యోగ విరమణ చేసిన తరువాత ప్రతి ఆదివారం సాయంత్రం ఆమెకు ఫోను చేసి, ఒక్కొక్క పనిని గురించి అడిగి, దొర్లిన మాటలను ఎక్కించుకోవటం అలవాటు చేసుకున్నాను. మాట, అర్థం, ఆమె పలికిన వాక్యం. మాటకొక పంక్తి. ఫోను చెవిన పెట్టుకొనే కొట్టేవాణ్ణి. కాగితం మీద వ్రాయటం మానివేశాను. అదే మొదటి తప్పు.

కొత్త మాటలు ఒక ఫైలులో పడతాయి. పెద్ద జాబితా మరొకటి. గంటకొకసారి ఒక చిన్న స్క్రిప్టు మేల్కొని, ఆ రెంటినీ కలిపి, వర్ణక్రమంలో అమర్చి, ఒక్కొక్క మాటనూ పరీక్షించి, పునరుక్తులు తొలగించి, చిత్తుప్రతి ఒకటి తయారుచేస్తుంది. పని పూర్తికాగానే ఆ చిత్తుకు పెద్ద జాబితా పేరు పెట్టి, పాతదాని స్థానంలో కూర్చోబెడుతుంది. కొత్త మాటల ఫైలును ఖాళీ చేస్తుంది. మొత్తం ఎన్ని మాటలో చిట్టాలో వ్రాస్తుంది. వేళకు లేపే పని క్రాన్ అనే కావలివాడిది. రాత్రి పన్నెండింటికి జాబితాకు ఒక నకలు తీసే పనినీ వాడికే అప్పగించాను. నకలు ఒక్కటే, నిన్నటిదాని మీదనే నేటిది. అది రెండవ తప్పు.

మాటలు తొమ్మిదివేలు దాటేసరికి నా పాత యంత్రానికి ఈ పని ముగించటానికి నాలుగు నిమిషాలు పట్టసాగింది. ఒక ఆదివారం రాత్రి తొమ్మిదికి మూడు నిమిషాలు తక్కువగా ఉన్నప్పుడు అక్కయ్యతో మాటలు ముగిశాయి. ఆ పూట దొరికిన మాటలు వరుసలో ఎక్కడెక్కడ కూర్చుంటాయో చూడాలన్న ఉబలాటం కొద్దీ, గంట కొట్టేదాకా ఆగలేక, స్క్రిప్టును నేనే చేతితో నడిపాను. తొమ్మిదయింది. క్రాన్ తన ధర్మం ప్రకారం అదే స్క్రిప్టును మళ్ళీ లేపింది.

తెల్లవారి జాబితా తెరిచి చూస్తే మొదటి మాట 'కుంచం'. దానికి ముందు ఏమీ లేదు. అచ్చులు పోయాయి. కకారంలో కొంత పోయింది. అకారాదిగా ఉండవలసిన జాబితా కొలపాత్రతో మొదలయింది. రాత్రి తీసిన నకలు కూడా 'కుంచం'తోనే మొదలయింది.

ఏమి జరిగిందో నాకు తెలియటానికి రెండు రోజులు పట్టింది. రెండు పరుగులకూ చిత్తుప్రతి పేరు ఒక్కటే. నేను లేపినది ముప్పాతిక భాగం వ్రాసేసరికి రెండవది మేల్కొని, అలవాటు చొప్పున చిత్తును తుడిచివేసి, అకారం నుండి వ్రాయటం ప్రారంభించింది. మొదటిదానికి ఆ సంగతి తెలియదు. తన మిగిలిన పాతికనూ అదే చిత్తు చివర చేర్చుతూ పోయి, పని ముగిసిందనుకొని, ఆ కలగాపులగానికి పెద్ద జాబితా పేరు పెట్టి వెళ్ళిపోయింది. చిత్తు కాళ్ళ క్రింద నుండి తొలగిపోయిన రెండవది మరో కొత్త చిత్తు తెరిచి, తాను ఆగినచోటు నుండి, అనగా 'కుంచం' నుండి, హకారాంతం దాకా వ్రాసి, దానిని తెచ్చి సింహాసనం మీద పెట్టింది. రెండూ చెప్పిన పనినే చేశాయి. ఒకదాని ఉనికి మరొకదానికి తెలియకపోవటమే దోషం. పక్కవాడు వ్రాస్తున్నాడో లేదో చూడకుండా పలక తుడిచే పిల్లవాణ్ణి బడిలో ఎన్నిసార్లు మందలించానో! అదే పలకను నేనే నా రెండు చేతులతో తుడిచాను.

మూడు వారాల క్రితం ఒక పూర్వవిద్యార్థికి జాబితాను ఈ-మెయిల్లో పంపి ఉన్నాను కనుక పాత మాటలు దక్కాయి. దానికి ఈ మిగిలిన భాగాన్ని జోడించి చిట్టాలోని లెక్కతో పోల్చి చూశాను. 9,412 ఉండవలసినచోట 9,374 ఉన్నాయి. ముప్పై ఎనిమిది మాటలు లేవు. మూడు ఆదివారాలుగా అక్కయ్య చెప్పిన మాటలలో అచ్చులతోను, కకారం తొలి భాగంతోను మొదలయినవి.

ముప్పై ఎనిమిది మాటలు పోతే ఏమయింది, మళ్ళీ అడగవచ్చు గదా అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకొని ఫోను చేశాను. "అక్కయ్యా, మొన్న నాట్లను గురించి చెప్పావు, ఆ మాటలు మరొకసారి చెప్పు" అన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "నేనేం చెప్పాను తమ్ముడూ?" అన్నది. ఏడాదిగా ఆమెకు జ్ఞాపకం తగ్గుతున్నది. చేతిలో పని ఉన్నట్టుగా మాట్లాడిస్తే మాటలు వాటంతట అవే వస్తాయి. ఏమన్నావని అడిగితే రావు. ఆనాటి సంభాషణలో తాను ఏ మాట అన్నదో నేను గుర్తు చేయలేను, ఆమె గుర్తు తెచ్చుకోలేదు. ఇద్దరమూ ఫోను పట్టుకొని ఊరకున్నాము. నా తొందరపాటు ఎంత నష్టం చేసిందో అప్పుడు అర్థమయింది.

ఇక మళ్ళీ ఇలా జరగకూడదనుకొని నాకు తోచిన తాళం నేనే తయారుచేసుకున్నాను. స్క్రిప్టు మేల్కొనగానే 'పని జరుగుతోంది' అనే పేరుగల ఒక ఫైలు ఉన్నదేమో చూస్తుంది. ఉంటే వెనుదిరుగుతుంది. లేకుంటే తానే ఆ ఫైలును సృష్టించి, పని ముగించి, పోతూ పోతూ తీసివేస్తుంది. పది రోజులు చక్కగా నడిచింది. పదకొండవ నాడు పని నడుమ కరెంటు పోయింది. యంత్రం మళ్ళీ లేచింది గాని, 'పని జరుగుతోంది' అన్న ఫైలు డిస్కు మీద అలాగే ఉండిపోయింది. చేసేవాడు లేడు, బోర్డు మాత్రం ఉన్నది. ప్రతి గంటా స్క్రిప్టు వచ్చి, ఆ బోర్డు చూసి, మర్యాదగా వెళ్ళిపోయింది. నాలుగు రోజుల దాకా నేను గమనించలేదు.

పైన చెప్పిన విద్యార్థి యంత్రాల నిర్వహణే వృత్తిగా గలవాడు. నా గోడంతా విని, "మాస్టారూ, మీ తాళంలో రెండు లోపాలున్నాయి. బోర్డు ఉందా అని చూడటానికీ, బోర్డు పెట్టటానికీ నడుమ క్షణం వ్యవధి ఉంది. ఆ క్షణంలో ఇద్దరు వస్తే ఇద్దరూ లేదనే అనుకుంటారు. రెండోది, మనిషి పోయినా బోర్డు పోదు" అన్నాడు. మరి ఏమి చేయమంటావు నాయనా అంటే, ఫ్లాక్ అనే ఆజ్ఞ ఒకటి నేర్పాడు. ఎఫ్, ఎల్, ఓ, సి, కె అని అయిదు అక్షరాలు. ఫైలులోని తొలి అక్షరానికి లాక్ చేర్చిన సమాసం. ఇంగ్లీషులో ఆ అక్షరాలకే మంద అని కూడా అర్థం. దొడ్డి వాకిట మందను ఒక్కొక్కటిగా వదిలే పనే కనుక శ్లేష బాగానే కుదిరింది.

దానిని నేను అర్థం చేసుకున్నది మా పెరటి తడికను తలచుకొని. చిన్నప్పుడు మా ఇంట స్నానాలకు బావి ప్రక్కన తాటాకు తడిక కట్టి ఉండేది. తలుపు లేదు, గొళ్ళెం లేదు. లోపలికి వెళ్ళేవారు తువాలును తడిక మీద వేసేవారు. తువాలు కనబడితే లోపల ఎవరో ఉన్నారని అర్థం. నేను చేసిన తాళం ఎవరో మరచిపోయి వెళ్ళిన తువాలు. ఖాళీ తడిక ముందు ఇంటిల్లిపాదినీ నిలబెట్టింది. ఫ్లాక్ వేసే తువాలు మనిషిని విడిచి ఉండదు. తాళం పడిందన్న సమాచారం డిస్కు మీద ఉండదు. యంత్రాన్ని నడిపే కెర్నెల్ అనే మూలవ్యవస్థ దానిని తన దగ్గర ఉంచుకుంటుంది. తాళం వేసిన ప్రక్రియ సజావుగా ముగిసినా, మధ్యలో చచ్చినా, కరెంటు పోయినా, దానితోబాటే తాళమూ పోతుంది. చూడటం, వేయటం అని రెండు క్రియలు కూడా లేవు. తాళం అడిగితే దొరుకుతుంది, లేదా దొరకదు. నడుమ సందు లేదు.

వాడే తీరు ఇది. ముందు ఫ్లాక్ అని, పిదప తాళానికి వాడే ఫైలు పేరు, ఆ పిదప చేయవలసిన పని. తాళం మరొకరి చేతిలో ఉంటే ఇది ఎంతసేపయినా వేచి ఉంటుంది. అడ్డగీత పెట్టి ఎన్ అని చేర్చితే వేచి ఉండదు. తువాలు చూసి వెంటనే వెనుదిరుగుతుంది, పని కాలేదన్నందుకు గుర్తుగా 1 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది. అడ్డగీత పెట్టి డబ్ల్యు అని, 30 అని వ్రాస్తే ముప్పై సెకన్లు చూసి పోతుంది. గంటకొకసారి వచ్చే క్రాన్‌కు ఎన్ తగును. ఈ గంట కాకుంటే మరో గంట ఉన్నది. చేతితో నడిపే నాకు వేచి ఉండటమే తగును. రాత్రి నకలు తీసేవాడికి అడ్డగీత పెట్టి ఎస్. అది పంచుకొనే తాళం. చదివేవారు ఎందరయినా ఒకేసారి చదువుకోవచ్చు. వారు చదువుతున్నంతసేపూ వ్రాయటానికి ఏకైక తాళం కోరేవాడు ఆగాలి. పురాణం వినేవారు వందమంది ఉండవచ్చు గాని, ఒక తాటాకు మీద రెండు గంటాలు ఆడకూడదు గదా.

ఇంత తెలిసిన తరువాత కూడా నేను ఒకచోట బోర్లపడ్డాను. అది వ్యాకరణానికి సంబంధించినది కనుక సిగ్గుపడుతూనే చెబుతాను. ప్రయోగార్థం వేరే ఫైళ్ళు పెట్టుకొని, ఫ్లాక్, తాళం పేరు, వరుసపెట్టే ఆజ్ఞ, దాని పిదప బాణం గుర్తు, చిత్తు పేరు, ఇలా ఒకే పంక్తిలో వ్రాశాను. బాణం గుర్తుకు ఫలితాన్ని ఆ ఫైలులో పోయమని అర్థం. రెండు కిటికీలలో ఒకేసారి నడిపితే చిత్తు మళ్ళీ తుడుచుకుపోయింది! తాళం ఉండగా ఎలా పోయింది? ఆ బాణం ఫ్లాక్‌కు చెందినది కాదు. పంక్తిని ముందుగా చదివే షెల్ అనే వ్యాఖ్యాత, ఫ్లాక్‌ను పిలవకముందే బాణాన్ని చూసి, చిత్తును ఖాళీ చేసి సిద్ధంగా పెడుతుంది. ఆ తరువాతనే ఫ్లాక్ వచ్చి తాళం కోసం నిలబడుతుంది. అంటే లోపలివాడు స్నానం చేస్తుండగానే బయటివాడు వాడి బిందె బోర్లించి, ఆపై మర్యాదగా వరుసలో నిలుచున్నాడన్నమాట.

ఇది అన్వయదోషం. విశేషణం ఏ విశేష్యానికి చెందునో తెలియని పద్యాన్ని పిల్లలు ఎంత వింతగా విప్పేవారో నాకు తెలుసు. తాళం లోపల జరగవలసినదంతా ఒకే సమాసంగా కట్టాలి. అందుకు అడ్డగీత పెట్టి సి అని వ్రాసి, బాణంతో సహా పనినంతటినీ ఉద్ధరణ చిహ్నాల నడుమ ఉంచాలి. అప్పుడు బాణం తాళం లోపలిదవుతుంది. లేదా పనినంతటినీ స్క్రిప్టులో వ్రాసి, ఆ స్క్రిప్టునే ఫ్లాక్ క్రింద నడపాలి. ఇప్పుడు నేను చేస్తున్నది ఇదే.

మరి రెండు జాగ్రత్తలు. తాళానికి పెద్ద జాబితానే వాడవచ్చునేమో అనుకున్నాను, కూడదు. తాళం పడేది పేరుకు కాదు, ఆ పేరు సూచించే వస్తువుకు. నా స్క్రిప్టు పని చివర చిత్తుకు జాబితా పేరు పెడుతుంది. అప్పుడు పేరు అదే, వస్తువు వేరు. పాత వస్తువు మీద తాళం పట్టుకున్నవాడూ, కొత్త వస్తువు మీద తాళం పట్టుకున్నవాడూ ఇద్దరూ తామే లోపల ఉన్నామనుకుంటారు. కనుక తాళానికి వేరే ఫైలు ఉండాలి, దానిలో ఏమీ ఉండనక్కరలేదు. ఈ కారణం చేతనే పని ముగిసిన తరువాత ఆ ఖాళీ ఫైలును శుభ్రం పేరిట తీసివేయకూడదు. దాని కోసం వేచి ఉన్నవాడు పేరు పోయిన పాత వస్తువు మీద తాళం పొందుతాడు. కొత్తగా వచ్చినవాడు అదే పేరుతో మరొకటి సృష్టించి తానూ తాళం పొందుతాడు. ఫైలు ఉండిపోతే నష్టం లేదు. తడిక ఉండేదే, తువాలే వచ్చి పోయేది. రెండవ జాగ్రత్త, తాళం లోపల పని చేస్తూ మరొక ప్రక్రియను వెనుక వదిలి వస్తే, ఆ బిడ్డ కూడా తాళాన్ని పట్టుకొనే ఉంటుంది. తల్లి వెళ్ళినా తాళం పడే ఉంటుంది. దానిని నివారించటానికి అడ్డగీత పెట్టి ఓ అన్నది ఉన్నది.

ఈ చిక్కు నా ఒక్కడిదే కాదనీ, పెద్దలు ఏనాడో తలపట్టుకున్నదేననీ తరువాత తెలిసింది. ఇద్దరు ఒకేసారి ఒకే పని మీద చేయి వేయకుండా చూడటమెలాగన్న ప్రశ్నకు డైక్‌స్ట్రా 1965లో సమాధానం ప్రకటించాడు. ఫైలు తాళం వేసే ఈ సౌకర్యం 1983లో వెలువడిన 4.2 బీఎస్‌డీ యూనిక్సులో వచ్చింది. ఆజ్ఞాపంక్తి మీద వాడుకొనే ఫ్లాక్‌ను వ్రాసినవారు హెచ్. పీటర్ ఆన్విన్, అది యుటిల్-లినక్స్ అనే పనిముట్ల పెట్టెలో భాగంగా దాదాపు ప్రతి లినక్సులోను ఉంటుంది. నా యంత్రంలోనూ మొదటినుండీ ఉన్నది. అడగకపోవటమే నా వంతు.

చివరగా ఒక్క మాట. ఇంత చేసినా ఇది గొళ్ళెం కాదు, తువాలే. తాళం ఉన్నదేమో అడిగినవాడిని మాత్రమే అది ఆపుతుంది. నేను ఎడిటరులో జాబితా తెరిచి దిద్ది భద్రపరిస్తే ఏ తాళమూ నన్ను ఆపదు. అడగనివాడిని సైతం బలవంతంగా ఆపే తాళాలు లినక్సులో ఒకప్పుడు ఉండేవి. వాటిని నమ్మటానికి వీలులేదని, వాడేవారు కూడా లేరని 2021లో 5.15వ కెర్నెల్ నుండి తీసివేశారు. మర్యాద మిగిలింది. మా పెరట్లోనూ అంతే. తాటాకు తడికను తోసుకొని పోవటం ఎవరికయినా చేతనవును, ఎవరూ పోలేదు. అందుకని జాబితాను దిద్దవలసి వచ్చినప్పుడు నేనూ తాళం క్రిందనే ఎడిటరును తెరుస్తున్నాను. నా స్క్రిప్టుకు పెట్టిన నియమం నాకు వర్తించదా?

అక్కయ్యను ఏమన్నావని అడగటం మానివేశాను. నాట్లు, కుప్పలు, గాదెలు అంటూ పాత పనులలోకి తీసుకుపోయి మాట్లాడిస్తున్నాను. ఒకనాడు ఎద్దుల మాట వచ్చినప్పుడు "ఇరువాలు దున్నాక గదూ" అన్నది. మరొకనాడు కోతల మాటలో 'ఓదె' వచ్చింది. ముందు కాగితం మీద వ్రాసుకొని, ఆ పిదపనే యంత్రంలో ఎక్కిస్తున్నాను. నకళ్ళు ఇప్పుడు ఏడు, వారానికి ఏడు రోజులకూ. తొమ్మిది ఆదివారాలలో అచ్చులతో, కకారంతో మొదలయ్యే మాటలు ముప్పై ఒకటి చేరాయి. లెక్క ప్రకారం ఇంకా ఏడు రావాలి.

అయితే ఈ లెక్కకు అర్థం లేదని నాకు తెలుసు. వచ్చిన మాట పోయిన ముప్పై ఎనిమిదిలోనిదో, మొదటిసారి వచ్చినదో చెప్పగల సాక్ష్యం నా దగ్గర లేదు, ఆమె దగ్గర లేదు. మొన్నటి ఆదివారం అలాంటి మాట ఒకటి వచ్చింది. "ఇది ఇంతకు ముందు చెప్పావా అక్కయ్యా?" అని నోటిదాకా వచ్చి ఆగాను. ఆమె చెబుతూనే ఉన్నది. నేను కాగితం మీద వ్రాసుకున్నాను. తొమ్మిది కావస్తున్నది. ఈసారి చేతితో నడపలేదు. గంట కొట్టేదాకా కూర్చున్నాను.